పౌడరు మేస్త్రి, ఎర్ర పేస్టు

మా రెండు షాపులకీ మధ్య గోడ ఒక్కటే. ఇటు నా లేత్ మిషను, అటు ఆయన మోటారు సైకిళ్ళు. ఆ గోడ కప్పు దాకా కట్టలేదు. కట్టించే ఉద్దేశం ఇంటి యజమానికి ఎన్నడూ కలగలేదు. అందువల్ల ఆయన దగ్గితే నాకు వినబడుతుంది, నేను విసుక్కుంటే ఆయనకు వినబడుతుంది. ఆయన గురించి రాయడానికి నాకున్న అర్హత అదే. నేను రచయితను కాను, ఇనుము చెక్కుకుని బతికేవాణ్ణి.

ఆయన అసలు పేరు పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అందరికీ పౌడరు మేస్త్రి. ఆయన చేసేది పాత మోటారు సైకిళ్ళ పని, అందులోనూ ఆయిలు కారకుండా చేసే పని. పాతకాలపు ఇంజన్లకు ఆయిలు కారడం ఒక జబ్బు. రెండు లోహపు భాగాలు కలిసే ప్రతిచోటా మధ్యలో కాగితం ప్యాకింగ్ పెట్టి బిగిస్తారు. ఏళ్ళు గడిచేకొద్దీ లోహం వంగుతుంది, కాగితం ఎండిపోతుంది, ఆయిలు తన దారి తాను చూసుకుంటుంది. కారడం ఆపడం కంటే ఎక్కడ కారుతోందో కనిపెట్టడం కష్టం. పైన పుట్టిన చుక్క కిందికి జారి, గాలికి వెనక్కి పాకి, ఇంజను మొత్తాన్ని జిడ్డు చేసి పెడుతుంది. దొంగ ఎవరో తేలక ఇంటిల్లిపాదినీ అనుమానించినట్టు ఉంటుంది వ్యవహారం.

మిగతా మెకానిక్కులు బండి చూడగానే స్పానరు అందుకుంటారు. ఈయన అందుకోడు. ముందు ఇంజన్ని కిరోసినుతో కడుగుతాడు. పొడిగుడ్డతో తుడిచి ఎండలో ఆరబెడతాడు. ఆరాక దాని ఒంటినిండా మొహానికి రాసుకునే పౌడరు చల్లుతాడు. వీధి చివరి దాకా నడిపి తెచ్చి, స్టాండు వేసి, పీట లాక్కుని ఎదురుగా కూర్చుంటాడు. ఇక ఎవరు పలకరించినా పలకడు. కాసేపటికి ఆ తెల్లటి పౌడరు మీద ఎక్కడో ఒకచోట సన్నటి తడిగీత పుడుతుంది. "దొరికావు" అంటాడు. ఆ మాట గోడ ఇవతలికి వినబడగానే నేను మిషను ఆపి వెళ్ళి చూసేవాణ్ణి. చూడటానికి అక్కడ ఏమీ ఉండదు, గీత తప్ప. అయినా వెళ్ళేవాణ్ణి.

ఆయన భార్యను నేను వదినా అంటాను. ఆవిడ ఈ పౌడరు సంగతి ఎవరు దొరికితే వాళ్ళకు చెబుతుంది. "పెళ్ళయిన కొత్తలో డబ్బాలకి డబ్బాలు పౌడరు పట్టుకొస్తుంటే, అబ్బో నా మొహమంటే ఎంత ముచ్చటో అని మురిసిపోయాను మరిదీ. ఓ రోజు భోజనం పట్టుకుని షాపుకి వద్దును కదా, నా పౌడరు ఆ బండికి పూస్తున్నాడు. అది కూడా ఎంత ప్రేమగా పూస్తున్నాడనుకున్నావ్!"

కారే చోటు తెలిశాక ఆ కవరు విప్పుతాడు. అంచు శుభ్రం చేసి, కళ్ళు మూసుకుని, దాని మీద బొటనవేలి గోరుతో చుట్టూ ఒకసారి నడుస్తాడు. వేలికీ గోటికీ మధ్య ఏం తెలిసేదో ఏమో, "ఇక్కడ దిగింది" అనేవాడు. నేను సందు కొలిచే గేజి పెట్టి చూసేవాణ్ణి. వెంట్రుక మందం పల్లం అక్కడే ఉండేది. అప్పుడు అద్దం పలక మీద ఎమ్రీ కాగితం పరిచి, కవరు అంచును దాని మీద గుండ్రంగా తిప్పుతూ, పల్లం పోయేదాకా రుద్దేవాడు. ప్యాకింగ్ కూడా కొనడు. మందపాటి కాగితాన్ని కవరు మీద పరిచి, చిన్న సుత్తితో అంచుల వెంబడి తడుతూ పోతే, కాగితం ఆ ఆకారానికి తెగి చేతికొచ్చేది. బిగించాక ఇంజను కింద తెల్లకాగితం పరిచి రాత్రంతా వదిలేసేవాడు. మర్నాడు బండి తాలూకు మనిషి వచ్చి తన చేత్తో ఆ కాగితం తీసి చూసుకోవాలి. చుక్క లేకపోతేనే బండి షాపు దాటేది. చుక్క ఉన్న కాగితం నేనెప్పుడూ చూడలేదు.

మనిషికి ఇంత పనితనం ఉంటే దానితోపాటు ముక్కుమీద కోపం కూడా ఉంటుంది కాబోలు, ఈయనకి ఉంది. ఆ కోపంలో పెద్ద వాటా ట్యూబుల్లో వచ్చే ఎర్ర పేస్టుకు దక్కేది. అది అంచుకు రాసి బిగిస్తే గట్టిపడి రబ్బరులా తయారై ఆయిలును ఆపేస్తుంది. ఇప్పటి మెకానిక్కులందరూ వాడతారు. ఈయన దృష్టిలో అది పని రానివాళ్ళ కోసం పుట్టిన పదార్థం. ఎవరైనా దాని పేరెత్తితే ఒంటికాలి మీద లేచేవాడు.

అలాంటి ఇంటికి ఎర్ర పేస్టు వాడే అల్లుడు వచ్చాడు.

అల్లుడు మొదట పనివాడిగానే వచ్చాడు. అంతకుముందు ఏదో పెద్ద గ్యారేజీలో పనిచేశాడు. మేస్త్రి కూతురు షాపు ముందు భాగంలో స్పేరుపార్టుల కౌంటరు చూసుకునేది. ఇతను రోజుకోసారి వెళ్ళి, అవసరం ఉన్నా లేకపోయినా, ఒక నట్టు అడిగి తెచ్చుకునేవాడు. ఇంత పనికి ఇన్ని నట్లు దేనికని తండ్రికి అనుమానం వచ్చేసరికే విషయం ముదిరిపోయింది. పెళ్ళి చేశారు. షాపు పైనున్న గదిలో కాపురం పెట్టారు, ఇనప మెట్లెక్కి వెళ్ళాలి.

పెళ్ళికి మేస్త్రి ఒప్పుకున్నాడు గానీ, పిలుపు దగ్గర ఇరుకున పడ్డాడు. మొన్నటి దాకా "ఒరేయ్" అన్నవాణ్ణి ఇవాళ "అల్లుడుగారూ" అనాలి. అలా అనడానికి నోరు రాదు. "ఒరేయ్" అంటే కూతురు ఊరుకోదు. కొన్నాళ్ళు ఏమీ పిలవకుండా గొంతు సవరించుకునేవాడు, అల్లుడు అర్థం చేసుకుని వచ్చేవాడు. చివరికి "ఏమోయ్" దగ్గర రాజీ కుదిరింది.

ఎర్ర పేస్టు దగ్గర రాజీ కుదరలేదు. "మావాడు పళ్ళు తోముకోమని పేస్టు ఇచ్చినా ఇంజనుకే రాస్తాడండీ" అని వచ్చినవాళ్ళందరి ముందూ ఎగతాళి చేసేవాడు. అల్లుడు నవ్వి ఊరుకునేవాడు. ఒక్కసారి మాత్రం అన్నాడు, "పేస్టుదేం తప్పు మావయ్యా? గోటితో గీరినంత పల్చగా రాయాలి. రాయడం తెలియాలంతే."

"నాకు తెలియక్కర్లేదు" అన్నాడు మేస్త్రి.

ఆ తర్వాత పంపకాలు జరిగాయి. కొత్త బళ్ళు అల్లుడివి, పాత బళ్ళు మామవి. ఎర్ర ట్యూబు అల్లుడి పెట్టెలోంచి బయటికి రాకూడదు.

ఇక్కడ నేనొక విషయం ముందే చెప్పెయ్యాలి. అప్పటికి మాకెవరికీ తెలియదు, ఆయన తర్వాత తన నోటితో చెప్పాడు. ఆయన వేళ్ళకు స్పర్శ పోతోంది. మొదట చిటికెనవేళ్ళు, తర్వాత ఒక్కొక్కటే. చొక్కా గుండీలు చూసుకుంటే తప్ప పెట్టుకోలేకపోతున్నాడు. డాక్టరు నరాలన్నాడు, మాత్రలు రాశాడు, తిరిగి వస్తుందని మాత్రం అనలేదు. ఇంట్లో చెప్పలేదు. గోటితో అంచు చదివే మనిషి ఆ గోరు మూగబోయిందని ఎవరికి చెప్పుకుంటాడు? పని మాత్రం మానలేదు. అంచు మీద గోరు నడిపించడమూ మానలేదు. ఏమీ తెలియకపోతే చదునుగా ఉందని అనుకునేవాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే టీచరమ్మ తన బండి తెచ్చింది.

టీచరమ్మ వయొలిన్ నేర్పుతుంది. ఆవిడ బండి ఆవిడ కంటే వయసులో పెద్దది. వయొలిన్ పెట్టె వీపున తగిలించుకుని, దాని మీద ఇల్లిల్లూ తిరుగుతూ పాఠాలు చెబుతుంది. దూరం నుంచి చూస్తే తుపాకీ కట్టుకుని యుద్ధానికి పోతున్న మనిషిలా ఉంటుంది. ఆ బండి నిలబడిన ప్రతి గుమ్మం ముందూ నల్లటి మడుగు కట్టేది. "మేస్త్రిగారూ, పిల్లల అమ్మానాన్నలు నా పాఠం సంగతి మాట్లాడటం మానేశారు, గచ్చు సంగతే మాట్లాడుతున్నారు. ఎలాగైనా దీని ఏడుపు ఆపండి" అంది.

పౌడరు చల్లితే గీత టైమింగ్ కవరు దగ్గర పుట్టింది. ఇంజను పక్కన ఉండే మూత అది. పంపు నుంచి వచ్చే ఆయిలు ఆ మూతలో ఉన్న సన్నటి రంధ్రం గుండా ఇంజను లోపలికి వెళుతుంది. మేస్త్రి కవరు విప్పాడు, గోటితో చూశాడు, గోరు ఏమీ చెప్పలేదు. ప్యాకింగ్ కొట్టి బిగించి కాగితం పరిచాడు. పొద్దున్న చూస్తే కాగితం మీద చుక్క ఉంది. ఎవరూ చూడకుండా మడిచి జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ విప్పి, రుద్ది, మళ్ళీ బిగించాడు. మర్నాడు మళ్ళీ చుక్క.

నన్ను గేజి పట్టుకు రమ్మని ఒక్క కేక వేసి ఉంటే చాలు, గోడ ఇవతలే ఉన్నాను. వెయ్యలేదు.

మధ్యాహ్నం అల్లుడూ కూతురూ భోజనానికి పైకి వెళ్ళారు. మేస్త్రి అల్లుడి పెట్టె తెరిచి ఎర్ర ట్యూబు తీశాడు. జీవితంలో మొదటిసారి దాని మూత తిప్పాడు. ఎలా రాయాలో తెలియదు, తెలుసుకోవలసిన అవసరం లేదని తానే అన్నాడు. బ్రష్షు మీద పేస్టు పెట్టినట్టు అంచు చుట్టూ లావుగా పెట్టుకుంటూ పోయాడు. వేలితో సవరించాడు గానీ ఎంత మందం ఉందో ఆ వేలికి తెలియలేదు. కవరు బిగించగానే పేస్టు రెండువైపులా ఉబికింది. బయటికి ఉబికినదాన్ని గుడ్డతో జాగ్రత్తగా తుడిచేశాడు, ఎర్రరంగు ఎవరి కంటా పడకుండా. లోపలికి ఉబికినదాన్ని తుడిచే వీలు లేదు. ఉబికిందన్న ఆలోచన కూడా ఆయనకు రాలేదు. ఏళ్ళ తరబడి పేస్టును తిట్టడంలో ఉన్న శ్రద్ధ, అది లోపలికి కూడా ఉబుకుతుందని గమనించడంలో పెట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు కాగితం తెల్లగా ఉంది. టీచరమ్మ దాన్ని తన చేత్తో తీసి, వెలుతురులోకి పట్టి చూసి, సంబరపడిపోయింది. మేస్త్రి అల్లుడి వైపు చూసి, "చూశావుటోయ్?" అన్నాడు. ఆ మాట నేనూ విన్నాను. ఎప్పటిలాగే గొప్పలు పోతున్నాడనుకున్నాను.

ఆ వారం దాటకముందే ఇంజను పట్టేసింది. లోపల గట్టిపడిన పేస్టు ముక్క ఒకటి ఊడి ఆ సన్నటి రంధ్రానికి అడ్డం పడింది. ఆయిలు అందక పిస్టను సిలిండరుకు అతుక్కుపోయింది. పరుగెత్తే బండి వెనక చక్రం ఉన్నట్టుండి బిగుసుకుంది. టీచరమ్మ ఎడమచెయ్యి ఆనించి పడింది. మణికట్టు విరిగింది. వయొలిన్ పెట్టెకు ఒక్క గీత కూడా పడలేదని చూసినవాళ్ళు చెప్పారు.

బండిని వ్యానులో వేసుకుని టీచరమ్మ అన్నయ్య వచ్చాడు. మందుల షాపు ఆయనది, మనిషి మామూలుగానే గట్టిగా మాట్లాడతాడు. ఆ రోజు వీధి వీధంతా వినబడేలా మాట్లాడాడు. "నా ముందే విప్పండి. ఎవరి తప్పో నా కళ్ళతో నేను చూడాలి."

మేస్త్రి విప్పాడు. నేనూ అల్లుడూ పక్కనే ఉన్నాం. కూతురు కౌంటరు వదిలి వచ్చి నిలబడింది. కవరు ఊడి రాగానే లోపలి అంచు వెంబడి ఎర్రగా, లావుగా, వానపాము చుట్టుకుని పడుకున్నట్టు పేస్టు కనబడింది. మేస్త్రి సూది తీసుకుని ఆ రంధ్రంలో పెట్టి లాగాడు. ఎర్రటి రబ్బరు ముక్క బయటికి వచ్చింది.

అందరి కళ్ళూ అల్లుడి మీదికి వెళ్ళాయి. ఆ షాపులో ఎర్ర పేస్టు ఎవరిదో వీధిలో అందరికీ తెలుసు. ఆ సంగతి వీధికి చాటింది మామగారే.

"నేను ఈ బండి ముట్టుకోలేదు" అన్నాడు అల్లుడు. తర్వాత ఆ పేస్టు వైపు వంగి చూసి, "ఇంత లావు ఎవరు పెడతారు?" అన్నాడు, తనలో తాను అనుకుంటున్నట్టు. తలెత్తి మామగారి చేతి వైపు చూశాడు. సూది ఎప్పుడో నేలమీద పడిపోయింది. మేస్త్రి వేళ్ళు మాత్రం సూది ఇంకా పట్టుకునే ఉన్నట్టు బిగించి ఉన్నాయి. అది పడిపోయిందని ఆయనకు తెలియలేదు.

అల్లుడు కాసేపు ఆ వేళ్ళనే చూశాడు.

"నేనే పెట్టాను" అన్నాడు. "మావయ్య లేనప్పుడు ఒకసారి విప్పాను. నాదే తప్పు."

టీచరమ్మ అన్నయ్య రెచ్చిపోయాడు. "ఏమయ్యా, నోరు తెరిస్తే అబద్ధమేనా? ఇప్పుడే కదా ముట్టుకోలేదన్నావు! నీ చేతులు పడిపోను, మా చెల్లెలి చెయ్యి పోగొట్టావు కదయ్యా!" అని నానా మాటలూ అన్నాడు. అల్లుడు కిమ్మనలేదు. మేస్త్రి కూడా కిమ్మనలేదు. అసలు మాట్లాడవలసింది ఆయన. కవరు చేతిలో పట్టుకుని, అదే మొదటిసారి చూస్తున్నట్టు దాన్ని చూస్తూ కూర్చున్నాడు.

మెట్లెక్కబోతున్న మొగుణ్ణి కూతురు అక్కడే నిలదీసింది. "పని తప్పు ఎవరికైనా వస్తుంది. అందరి ముందూ కాదని, ఆ వెంటనే అవునని... నాకు తల కొట్టేసినట్టయింది." అతను మెట్లెక్కి పైకి పోయాడు. ఆ రోజు నుంచి ఆమె అతనితో మాటలు తగ్గించింది. భోజనం వడ్డించేది, అంతే. ఇంత చిన్న గోడ పక్కన బతికేవాడికి ఇవన్నీ వద్దనుకున్నా తెలుస్తాయి.

వీధికి పని దొరికింది. "బండి వదులుతాను గానీ మీ అల్లుణ్ణి ముట్టుకోనివ్వకండి" అని వచ్చినవాళ్ళు మేస్త్రితో చెప్పి మరీ పోయేవారు. ఆయన తలూపేవాడు. ఎవర్నీ తిట్టడం మానేశాడు. ఆ మౌనం చూసి అల్లుడి మీద కోపమనుకున్నాం. నేనూ అలాగే అనుకుని, ఒకరోజు గోడ మీదుగా అన్నాను, "పోనీలే అన్నా, కుర్రతనం. క్షమించెయ్యి."



విచిత్రమేమిటంటే టీచరమ్మ ఇంజను మళ్ళీ కట్టింది అల్లుడే. సిలిండరు నా దగ్గరికి తెచ్చి లోపల సానబట్టించాడు. టైమింగ్ కవరు అంచు చూడమన్నాడు. గేజి పెడితే ఒక మూల వెంట్రుక మందం పల్లం ఉంది. మేస్త్రి గోరు పెట్టిన అంచులో పల్లం ఎలా మిగిలిందని అప్పుడైనా నాకు అనుమానం రావాలి. రాలేదు. అద్దం పలక మీద రుద్ది, కాగితం ప్యాకింగ్ కొట్టి, పేస్టు ఊసే లేకుండా బిగించాడు. అది పూర్తిచేసి పాత గ్యారేజీకి వెళ్ళిపోదామనుకుంటున్నానని నాతో చెప్పాడు.

"మరి అమ్మాయి?" అన్నాను.

"వస్తానంటే తీసుకెళ్తాను చిన్నమావయ్యా. వస్తానంటుందో లేదో తెలియదు."

ఆ మాట మేస్త్రి విన్నాడు. గోడ ఆయన వైపు కూడా అంతే ఎత్తు కదా.

టీచరమ్మ కట్టు విప్పించుకుని బండి కోసం వచ్చింది. నడిచి వచ్చింది, వీపున పెట్టె లేదు. అల్లుడు తలవంచుకుని తాళం అందించాడు. ఆవిడ అతని మీద కోపం చూపించలేదు. "అసలెందుకు విప్పావు బాబూ, బాగానే ఉంది కదా?" అని మాత్రం అడిగింది. కోపం కంటే ఆ అడగడమే కష్టంగా ఉంది వినడానికి.

పీట మీద కూర్చున్న మేస్త్రి లేచాడు.

"అతను విప్పలేదు టీచరమ్మా. నేను పెట్టాను ఆ పేస్టు."

"మావయ్యా..." అన్నాడు అల్లుడు.

"నువ్వు ఊరుకో. నా వేళ్ళకి స్పర్శ లేదమ్మా. అంచు తెలియలేదు. కాగితం మీద చుక్క పడింది, రెండుసార్లు పడింది. చేతకాదని చెప్పలేక అతని పెట్టెలోది తీసి పూశాను. ఎంత పెట్టానో కూడా నాకు తెలియలేదు. అతను నా కోసం మాట పడ్డాడు. నేను నోరు మూసుకుని కూర్చున్నాను."

అంత పెద్ద మనిషి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను మిషను ఆపేసి అటు వెళ్ళాను. ఆపకపోయినా బాగుండేది, మరీ నిశ్శబ్దమైపోయింది.

టీచరమ్మ తన ఎడమచెయ్యి ముందుకు చాపింది. వేళ్ళు కదిలాయి, మణికట్టు తిరగలేదు. "ఇది ఇక ఇంతే అన్నారు. పాఠాలు చెప్పుకోగలను, వాయించలేను. మీరు నిజం చెప్పినంత మాత్రాన ఇది తిరగదు మేస్త్రిగారూ. మిమ్మల్ని క్షమించానని నాచేత అనిపించుకోవాలని ఉంటే, నా వల్ల కాదు." చెయ్యి వెనక్కి తీసుకుని అంది, "మా అన్నయ్య ఇతన్ని అనరాని మాటలన్నాడు. వెళ్ళి ఆయనకి చెప్పండి. ఇప్పుడే వెళ్ళండి, షాపులోనే ఉంటాడు."

మేస్త్రి చెప్పులేసుకుని వెళ్ళాడు. తోడు వస్తానన్నాను, వద్దన్నాడు. మందుల షాపులో జనం మధ్య నిలబడి చెప్పాడట. టీచరమ్మ అన్నయ్య ఎంత గట్టిగా తిట్టాడో నాకు తెలియదు, తిట్టి ఉంటాడు. టీచరమ్మ బండెక్కడానికి భయపడింది. దాన్ని అక్కడే ఉంచి, మరోసారి వస్తానని చెప్పి నడిచే వెళ్ళిపోయింది.

మేస్త్రి తిరిగి వచ్చేసరికి అల్లుడు మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. మూడో మెట్టు మీద కూతురు ఉంది. అంతా విన్నది. వదిన కూడా ఇంటి నుంచి వచ్చి గుమ్మంలో చేరింది.

"నాకైనా చెప్పొచ్చుగా?" అంది కూతురు మొగుడితో.

"చెప్తే మీ నాన్నని నువ్వు చూసే తీరు మారిపోతుంది."

"నిన్ను చూసే తీరు మారిపోయిందిగా. అది ఫర్వాలేదా నీకు?"

"నేనేదో సర్దుకుంటాననుకున్నాను. ఒకసారి కాలుతున్న సైలెన్సరు మీద చెయ్యి ఆనించి అలాగే నిలబడ్డారు మావయ్య. నేనే లాగేశాను. అప్పుడే అనుమానం వచ్చింది. ఆ పని కూడా లేకపోతే ఆయనకి ఏముంది చెప్పు?"

ఆమె ఒక మెట్టు దిగింది. "నువ్వు అబద్ధం ఆడావనే కదా ఇన్నాళ్ళూ నీతో మాట్లాడలేదు. ఆడావు. మొదట ముట్టుకోలేదన్నది కాదు, తర్వాత నేనే పెట్టానన్నది." కిందికి దిగి అతని చొక్కా పట్టుకుని, అక్కడ అంతమంది ఉన్నామన్నది కూడా చూడకుండా, అతని భుజానికి తల ఆనించింది.

మేస్త్రి "అమ్మా" అని పిలిచాడు.

"నీతో తర్వాత మాట్లాడతాను నాన్నా" అంది, తల తిప్పకుండా.

అల్లుడు గ్యారేజీకి వెళ్ళలేదు. పాత బళ్ళూ కొత్త బళ్ళూ ఇప్పుడు అతనే చూస్తున్నాడు. టీచరమ్మ కొన్నాళ్ళకు ధైర్యం తెచ్చుకుని వచ్చి బండి తీసుకెళ్ళింది. మేస్త్రి స్పానరు ముట్టుకోవడం లేదు. ఎవరూ వద్దనలేదు, ఆయనే మానేశాడు. పొద్దున్నే వచ్చి కూతురి కౌంటరు పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటాడు. ఆమె టీ తెచ్చి ముందు పెడుతుంది. మాట్లాడదు. ఎవరైనా నట్టు అడిగితే ఆయన డబ్బాలో వెతుకుతాడు. వేళ్ళకు తెలియదు కాబట్టి కళ్ళు దగ్గరగా పెట్టి వెతుకుతాడు, చాలాసేపు పడుతుంది. ఆమె తీసి ఇవ్వదు, తొందర పెట్టదు, చూస్తూ ఉంటుంది.

"ఎందుకన్నా ఇక్కడ కూర్చోవడం, హాయిగా ఇంట్లో పడుకోక?" అన్నాను ఒకరోజు.

"తర్వాత మాట్లాడతానంది కదా. అది మాట్లాడేటప్పుడు నేను ఇక్కడ లేకపోతే ఎలా?" అన్నాడు.

నాకు తెలిసినంతలో అంత ఓపిక ఉన్న మనిషి కాదు. అయినా ఇవాళ కూడా వచ్చి కూర్చున్నాడు.